ఉప్పు పడ్డాక

నిన్న పొద్దున వంటపనికి కుదురుదామని ఒకామె వచ్చింది. గుంటూరులో మేముండేది అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. నాకేమో మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకేమో నాలుక మీద అదుపు లేదు. మా ఇద్దరికీ కలిపి ఒక వంటమనిషి కావాలని నెల రోజులుగా కనపడినవాళ్ళకల్లా చెబుతున్నాను. ఎవరు కుదిరినా పనికొస్తాయని అటక మీది పాత స్టీలు కంచం, గ్లాసు దించి, తోమి, బాల్కనీ గూట్లో పెట్టి ఉంచాను కూడా. వచ్చినామె శుభ్రంగా ఉంది. పులుసు ఎలా పెడతావంటే చెప్పింది, దొండకాయ వేపుడు ఎలా చేస్తావంటే చెప్పింది. జీతం దగ్గర పేచీ లేదు. ఇక రేపటినుంచి రా అని చెప్పాల్సిన చోట నా నోరు దానంతటది ఇంకో మాట అడిగేసింది.

"ఇంతకీ మీరేమిటోళ్ళమ్మా?"

ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లలకి మనుషులంతా ఒక్కటేనని పాఠం చెప్పిన నోరది. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. భుజం మీది సంచి సర్దుకుని, "రేపు ఫోన్ చేస్తానండి" అని లేచింది. లిఫ్టు ఉన్నా మెట్ల మీదుగానే దిగిపోయింది.

మా ఆయన పేపరు దించకుండానే అన్నాడు. "పులుసు అడిగావు, వేపుడు అడిగావు. అక్కడితో ఆగలేకపోయావా?"

"మీరైతే అడిగేవాళ్ళు కాదా?"

"అడిగేవాణ్ణే. నువ్వు ముందడిగావు."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు. ఆ మాట వచ్చింది నా నోట్లోంచే గానీ, గొంతు మాత్రం అచ్చంగా మా నాయనమ్మది. "మ్మా" దగ్గర ఆ సాగదీత కూడా ఆవిడదే.

ఇవాళ మధ్యాహ్నం దాకా ఆమె ఫోన్ చేయలేదు. చేస్తుందని నేను అనుకోనూ లేదు. చేతులు ఊరికే ఉంటే మనసు ఊరుకోదని, నిన్న తెప్పించిన పండుమిరపకాయలు ముందేసుకుని తొడిమలు తీయడానికి కూర్చున్నాను. ఫ్యాన్ గాలికి ఆ ఘాటు ఇల్లంతా తిరిగింది. ముక్కు కారింది, కళ్ళు కారాయి. కళ్ళు కారడానికి మిరపకాయలు ఒక్కటే కారణం కాదు.

* * *

మా ఊళ్ళో కోతల కాలం వస్తే ఊరంతా తుమ్మేది. కళ్ళాల్లో కాయ ఆరబోస్తే కనుచూపు మేర ఎర్రగా ఉండేది. గాలి మళ్ళితే బళ్ళో పంతులుగారు ఎక్కాలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. మేము కావాలని ఇంకా గట్టిగా దగ్గి బడి వదిలేయించుకునేవాళ్ళం. ఇంటికొస్తే ఇంట్లోనూ అదే వాసన. దానికి తోడు చింతపండు వాసన, మెంతులు వేయించిన వాసన, పశువుల పాక దగ్గర తడి పేడ వాసన. నిద్రపోతున్న మా చిన్నాన్న మీసం మీద మిరపగింజలు చల్లి, ఆయన లేచి వీధంతా తరిమితే పత్తి బోరాల వెనక దాక్కున్నది ఆ కాలంలోనే. నాకు తొమ్మిదేళ్ళు.

ఏడాదికి సరిపడా పండుమిరపకాయ పచ్చడి పెట్టడమంటే మా ఇంట్లో పెళ్ళి పనంత హడావిడి. దానికి మా నాయనమ్మ దగ్గర ఒక చట్టం ఉండేది. పచ్చి సరుకు ఎవరు ముట్టుకున్నా ఫర్వాలేదు. కాయ కోసేది ఊరి చివర చర్చి పక్క పేటవాళ్ళు. మోసేది వాళ్ళు, ఆరబోసేది వాళ్ళు, దంచేదీ వాళ్ళే. కానీ ఉప్పు పడ్డాక మాత్రం వాళ్ళ చెయ్యి తగలకూడదు. ఉప్పు పడితే అది కాయ కాదట, తిండి అట. పాలు ఎవరు పితికినా తాగే ఆవిడ, మజ్జిగ కుండ మీద పేటవాళ్ళ నీడ పడినా ఒప్పుకునేది కాదు.

"ఉప్పులో ఏముంటది నాయనమ్మా?" అని అడిగాను ఒకసారి.

"అన్నీ ఉంటయ్. నోరు మూసుకుని తొడిమలు తియ్యి."

దంపుళ్ళకి మా ఇంటికి ఒకామె వచ్చేది. నా ఇన్నేళ్ళ జీవితంలో రోకలి అంత అందంగా ఎత్తిన మనిషిని ఇంకొకరిని చూడలేదు. ఆమె పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో ఆ పేరుని ఎంత చులకనగా పిలిచేవాళ్ళో తలుచుకుంటే రాయబుద్ధి కాదు. వయసులో మా నాయనమ్మ కంటే నాలుగేళ్ళు చిన్నదేమో, అంతే. నేనూ పేరు పెట్టి "నువ్వు" అనే పిలిచేదాన్ని. ఆమె నన్ను "అమ్మాయిగారూ, మీరు" అనేది. తొమ్మిదేళ్ళ పిల్లని! అది వింతని ఆ రోజుల్లో నాకొక్కసారి కూడా తోచలేదు. ఇక్కడ దంపుళ్ళామె అంటాను.

నాకు ఆమె దగ్గర కూర్చోవడం ఇష్టం. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి ఆముదం రాసుకుని, రోకలి పోటుకీ పోటుకీ మధ్య కబుర్లు చెప్పేది. ఉప్పు లేకుండా పండుకాయ దంచడం చాలా కష్టం. తొక్క జారిపోతుంది, రసం ఎగిరి కంట్లో పడుతుంది.

"మా ఇళ్ళల్లో ఉప్పు ముందే పడుద్ది అమ్మాయిగారూ. ఉప్పు పడితే కాయ మెత్తబడి మాట వినుద్ది. పైన నాలుగు ఎల్లిపాయలు పడ్డాయంటే..." అని నాలుక చప్పరించేది. "మీ నాయనమ్మగారి పద్ధతి వేరులెండి."

ఆ ఏడాది ఆమె కూతురు తొలి కానుపుకి పుట్టింటికి వచ్చి ఉంది. సరిగ్గా పచ్చడి దంచే రోజున, పొద్దెక్కాక, పేటనుంచి ఒక మనిషి పరుగున వచ్చి పెరటి గుమ్మం అవతల నిలబడి నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు. దంపుళ్ళామె రోకలి గోడకి ఆనించి నాయనమ్మని అడిగింది, వెళ్ళి రేపొస్తానని.

"తొలి కానుపేగా, ఇప్పుడే ఏమైపోద్ది? రేపటికి కాయ కుళ్ళుద్ది. దంచేసి పో" అంది నాయనమ్మ.

ఇంకా రెండు గంపల కాయ ఉంది. ఆమె మళ్ళీ రోకలి తీసుకుని మొదలుపెట్టింది. మామూలుగా వినిపించే కబుర్లు లేవు. కాయ రోట్లో జారిపోతోంది, ఆమె పళ్ళు బిగబట్టి కుమ్ముతోంది. రసం చింది ఎడమకన్ను ఎర్రగా వాచింది. తుడుచుకోవడానికి చేతులు పనికిరావు, భుజానికేసి రుద్దుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది.

వంటింట్లోకి వెళ్ళి ఉప్పు కుండలోంచి రాళ్ళ ఉప్పు గుప్పిళ్ళతో తీసి పరికిణీ ఒళ్ళో పోసుకుని వచ్చాను. రోకలి పైకి లేచినప్పుడు మొత్తం రోట్లో దులిపేశాను.

రోకలి అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఓరి దేవుడో, ఏం పనమ్మా ఇది!" ఆమె వంగి వేళ్ళతో ఉప్పు ఏరబోయింది. అప్పటికే ఆ ఎర్రటి ముద్దలో కలిసిపోయింది. "అమ్మాయిగారూ, ఎల్లి మీ నాయనమ్మగారితో చెప్పండి. మీరే ఏశారని చెప్పండి. నేను చెబితే నమ్మరు. అమ్మగారు ఊఁ అంటేనే దంచుతా."

లోపల నాయనమ్మ జాడీ పొడిగుడ్డతో తుడుస్తోంది. నా వైపు చూడకుండానే, "గడప మీద నిలబడమాకే. ఏం కావాల?" అంది.

"మంచినీళ్ళు" అన్నాను.

తాగి, తిరిగొచ్చి, దంపుళ్ళామెతో చెప్పాను. "చెప్పాను. ఫర్వాలేదంది."

"అమ్మగారు ఆ మాటన్నారా?"

"అంది."

"ఉప్పేసి దంచమన్నారా? నన్నా?"

"ఊఁ."

ఆమె మొహం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ముక్కు గుడ్డ వెనక నవ్వింది. వాచిన కన్ను కూడా నవ్వింది. పని తేలికైనందుకు కాదు ఆ నవ్వు, అది నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. ఇన్నేళ్ళకి ఆ ఇంట్లో తన చేతిని చెయ్యిగా చూశారనుకుంది. రెండు గంపలూ గంటలో దంచేసింది. తప్పేలాలోకి ఎత్తి, ఎప్పటిలా గడప బయట పెట్టి, "ఎల్లొస్తానండమ్మగారూ" అని లోపలికి ఒక కేక వేసి పరుగెత్తింది.

నాయనమ్మ వచ్చి తప్పేలా మీద మూత తీసింది. ఉప్పు పడని కాయ ఎంత దంచినా కచ్చాపచ్చాగానే ఉంటుంది. ఇది ఎర్రటి ఊటలో తేలుతోంది. ఆవిడ మూత మళ్ళీ పెట్టేసింది. ఒక్క మాట అనలేదు. ఆవిడ మాట్లాడకపోతే భయపడాలని ఇంట్లో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే దంపుళ్ళామెని పిలిపించారు. ఆమె నవ్వుతూనే వచ్చింది. "ఆడపిల్లండి అమ్మగారూ, పొద్దుగూకే ఏళకి..." అని మొదలుపెట్టింది. పెరట్లో మా చిన్నాన్న, ఇద్దరు పాలేళ్ళు, పక్కింటి పెద్దావిడ, గోడ దగ్గర మా అమ్మ. అందరినీ చూసి ఆ మాట సగంలో ఆపేసింది.

"ఎన్నేళ్ళబట్టి వస్తన్నావే మా ఇంటికి? ఉప్పులో చెయ్యి పెడతావా? ఏడాది పచ్చడి మైల చేస్తావా?" అంది నాయనమ్మ.

"అమ్మగారూ, తమరు ఫర్వాలేదన్నారని అమ్మాయిగారే..."

నాయనమ్మ నా వైపు తిరిగింది. "ఏమే, అన్నావా?"

అప్పుడు నేను చెప్పొచ్చు. ఒక్క ముక్క చాలు. దంపుళ్ళామె నన్నే చూస్తోంది, బతిమాలుతున్నట్టు కూడా కాదు, నేను చెబుతాననే నమ్మకంతో చూస్తోంది.

"నేననలేదు" అన్నాను.

మా అమ్మ గోడ దగ్గర నిలబడి నేల చూస్తోంది.

"పిల్ల మీదికి నెడతన్నావా పైగా! ఆ తప్పేలా తీసుకుని పో. మళ్ళీ ఈ గుమ్మం తొక్కమాక."

ఆమె నన్ను మళ్ళీ చూడలేదు. తప్పేలా నెత్తికెత్తుకోబోతూ, రోకలి నేల మీద పడి ఉంటే ఆగి, దాన్ని తీసి రోజూ పెట్టే మూలలో నిలబెట్టింది. తర్వాత తప్పేలా ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఊళ్ళో మిగతా ఇళ్ళవాళ్ళు కూడా ఆమెని దంపుళ్ళకి పిలవడం మానేశారు. ఉప్పులో చెయ్యి పెట్టే మనిషని పేరు పడింది. బాలింత కూతురిని, పసిగుడ్డుని ఇంట్లో వదిలి, ఆ వయసులో ఎండలో మిరపకోతలకి పోయేది. మా చేలోకి కూడా వచ్చింది. కాయ కొయ్యడానికి ఆమె చెయ్యి పనికొచ్చింది, దానికి మా నాయనమ్మ అడ్డు చెప్పలేదు. పచ్చి సరుకేగా.

మా ఇంట్లో పచ్చడి అమ్మా, నాయనమ్మా దంచారు. అమ్మ చేతులు మూడు రోజులు మండాయి, రాత్రుళ్ళు వెన్న రాసుకుని విసురుకుంటూ కూర్చునేది. ఇంత చేస్తే ఆ జాడీ ఉగాదికల్లా బూజు పట్టింది.

ఒకరోజు అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, మెత్తటి పాత నేత చీర ముక్కలు రెండు మడిచి నా చేతిలో పెట్టింది. "ఆమె మనవరాలికి ఇచ్చి రా. మీ నాయనమ్మకి చెప్పమాక" అంది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పేటలోకి నేను వెళ్ళడం అదే మొదలు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ. ఒక ఇంటి ముందు ఒకాయన, ఇంకో ఇంటి అరుగు మీద ముగ్గురు పిల్లలు, అందరి కంచాల్లోనూ ఎర్రగా అదే పచ్చడి. దంపుళ్ళామె తప్పేలా మొత్తం పేటకి పంచేసింది. చీర ముక్కలు తీసుకుని, పసిపిల్లకి కప్పి, నన్ను పీట మీద కూర్చోబెట్టింది. వేడన్నంలో ఇంత పచ్చడి వేసి కలిపి పెట్టింది. వెల్లుల్లి పడింది అందులో, ఇంగువ తిరగమోత కాదు. మా ఇంటి పచ్చడిలో ఎప్పుడూ తెలియని రుచి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వదలకుండా తిన్నాను.

"ఎట్టుందమ్మాయిగారూ?"

"చాలా బాగుంది."

"మీరేసిన ఉప్పే. సరిగ్గా సరిపోయింది."

తిట్టి ఉంటే బాగుండేది. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను చెయ్యి కడుక్కోవడానికి ఆమె నీళ్ళు పోస్తూ, నెమ్మదిగా, "ఇక్కడ తిన్నట్టు ఇంట్లో చెప్పమాకండి. దెబ్బలు పడతయ్" అంది.

చెప్పలేదు. చెప్పకపోవడంలో అప్పటికే ఆరితేరాను.

* * *

దంపుళ్ళామె చనిపోయిన సంగతి కూడా నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. నాయనమ్మా పోయింది. ఎవరి దగ్గరా ఒప్పుకోకుండానే నా జుట్టు నెరిసింది. చివరికి ఒక మధ్యాహ్నం, అమ్మకి ఎనభై దాటాక, ఇద్దరం చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంటే ఉండబట్టలేక చెప్పేశాను. ఆ ఉప్పు వేసింది నేనే అని.

"నాకు తెలుసులేవే" అంది అమ్మ, గింజ మీదినుంచి చూపు తిప్పకుండా. "నీ పరికిణీ కుచ్చిళ్ళ నిండా ఉప్పు రాళ్ళు. నేనేగా దులిపింది."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ నాయనమ్మ నిన్ను వాతలు తేలేలా కొట్టేది. ఆమెనేం చేసుద్ది? మహా అయితే పనికి రావద్దంటది. అంతేగా?"

అంతేగా! మా అమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. గుమ్మంలోకి ఎవరొచ్చినా మజ్జిగ పోయకుండా పంపేది కాదు. ఎత్తి పోసేది దోసిట్లోకే అయినా, నిండా పోసేది. అంత మంచి మనిషి నా ఒంటి మీద పడే నాలుగు దెబ్బలని ఒక పక్క, ఒక మనిషి బతుకుని ఇంకో పక్క పెట్టి చూసుకుని, నా దెబ్బలే ఎక్కువనుకుంది. అరవాలనిపించింది. ఎనభై ఏళ్ళ మనిషి మీద ఏమని అరుస్తాను? తొమ్మిదేళ్ళకే నేనూ అదే అనుకున్నాను కదా.

ఇంకో సిగ్గుమాలిన సంగతి ఉంది. నలభై ఏళ్ళుగా నేను పచ్చడి పెట్టేది దంపుళ్ళామె పద్ధతిలోనే. ఉప్పు ముందే వేస్తాను, వెల్లుల్లి వేస్తాను. బంధువులు వేళ్ళు నాకి, ఎలా పెట్టావంటే, "మా ఇంటి పద్ధతి" అంటాను. ఈ మాట కూడా అబద్ధమే. మధ్యలో జాడీ ఖాళీ అయితే బజారునుంచి సీసా తెచ్చుకుంటాం. అందులో ఉప్పు ఎవరు వేశారో, ఎవరు కలిపారో నేనుగానీ మా ఆయనగానీ ఏనాడూ అడగలేదు. గుమ్మం ముందుకి నడిచి వచ్చిన మనిషిని మాత్రం అడుగుతాం. ఈ తెలివికి నన్ను నేనే లెంపలు వాయించుకోవాలి.

తొడిమలు తీయడం ఆపేశాను. చేతులు కడుక్కుని, నిన్న వంటామె ఇచ్చిన నంబరుకి నేనే ఫోన్ చేశాను.

"నిన్న మా ఇంటికి వచ్చారు కదమ్మా. నేను అలా అడగడం తప్పు" అన్నాను. నిన్న "నువ్వు" అన్న మనిషినే. తడబడుతూనే అన్నాను.

"అందరూ అడుగుతారులెండి" అంది.

"మీరు వస్తే బాగుంటుందమ్మా."

"నేనూ ఒకటి అడగొచ్చాండీ?"

"అడగండి."

"మీ ఇంట్లో నేను ఎక్కడ కూర్చుని తినాలండీ? దేంట్లో తినాలి?"

నా చూపు బాల్కనీ గూటి మీద పడింది. తోమి బోర్లించిన పాత స్టీలు కంచం, పక్కనే గ్లాసు. వాటిని అక్కడ పెట్టినప్పుడు నేను ఏమీ అనుకోలేదు. అనుకోకుండానే పెట్టాను, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అలాంటిదేం లేదమ్మా, మాతోపాటే అని ఒక్క ముక్క అనేస్తే అయిపోతుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, "చెప్పాను, ఫర్వాలేదంది" అన్నంత తేలిగ్గా.

"మీ కోసం విడిగా కంచం తీసి బాల్కనీలో పెట్టానమ్మా" అన్నాను. "ఇప్పుడు మీరు అడిగేదాకా నాకది కనపడలేదు. ఇప్పుడే తీసేస్తున్నాను."

కింద వీధిలో కూరగాయల బండివాడి కేక వినపడి ఆగిపోయింది. ఆమె ఫోన్ పెట్టేసిందేమోనని చెవి దగ్గరనుంచి తీసి చూశాను. పెట్టలేదు.

"సోమవారం వచ్చి చూస్తానండి. నాకు నచ్చితే ఉంటాను" అంది.

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక లేచి ఆ కంచం, గ్లాసు తెచ్చి వంటింట్లో మా కంచాల మధ్య పెట్టాను. తర్వాత చాలాసేపు ఆ మాటే చెవుల్లో తిరిగింది. నచ్చితే ఉంటానని అనే హక్కు దంపుళ్ళామెకి ఏనాడూ లేకపోయింది. మా పెరట్లో ఆ రోజు ఆమెకి ఉన్నది ఒక్కటే, నేను నిజం చెబుతాననే నమ్మకం.